కర్త లేని వాక్యం
(రాజనీతిశాస్త్ర పాఠ్యగ్రంథాల గురించి)

పాఠ్యపుస్తకం సాహిత్య విమర్శకు వస్తువు అవుతుందా అని అడిగేవాళ్ళున్నారు. ఎందుకు కాకూడదో వాళ్ళే చెప్పాలి. మన నవల వెయ్యి ప్రతులు అమ్ముడుపోతే రచయిత సంతోషిస్తాడు, ప్రచురణకర్త ఊపిరి పీల్చుకుంటాడు. ఆ వెయ్యి ప్రతుల్లో ఎన్నింటిని చివరిదాకా చదివారో ఎవరికీ తెలియదు. డిగ్రీ రాజనీతిశాస్త్రం పుస్తకాన్ని చదవడమే కాదు, కంఠస్థం చేస్తారు. ఏడాది పొడుగునా దాని వాక్యాలను తమ చేతివ్రాతలో తిరిగి రాస్తారు. అది చదివినవాళ్ళలో కొందరు రేపు తహసీల్దార్లవుతారు, కొందరు ఉపాధ్యాయులవుతారు, కొందరు పత్రికల్లో చేరతారు. అప్పుడు కూడా ఆ వాక్యాలే రాస్తారు. ఒక తరం ఆలోచనను తీర్చిదిద్దిన వచనం ఏదని రేపు ఎవరైనా వెదికితే, మనం సమీక్షలు రాసుకున్న కథాసంపుటాల్లో కంటే ఈ గోధుమరంగు కాగితాల్లోనే అది ఎక్కువగా దొరుకుతుందని నా అనుమానం.

ముందు వాక్యం సంగతి చూద్దాం. భూసంస్కరణల అధ్యాయంలో ఇట్లాంటి వాక్యం తప్పకుండా ఉంటుంది: భూసంస్కరణలు ప్రవేశపెట్టబడినవి, అయితే ఆశించిన ఫలితాలు సాధించబడలేదు. ఇది ఏ ఒక్క పుస్తకంలోంచీ ఎత్తి రాసింది కాదు. నేను కూర్చిన నమూనా. కానీ ఆ పుస్తకాలు చదివినవాళ్ళు దీన్ని వెంటనే గుర్తుపడతారు. ఎవరు ప్రవేశపెట్టారు? ఎవరి ఒత్తిడి మీద? ఎవరు ఆశించారు? సాధించకుండా అడ్డుపడింది ఎవరు? వాక్యంలో క్రియ ఉంది, కర్మ ఉంది. కర్త లేడు. వ్యాకరణం దీన్ని కర్మణి ప్రయోగం అంటుంది. అది తెలుగులో లేకపోలేదు గాని, మాట్లాడే మనిషి నోట వినబడదు. పొలం పోయిన రైతు "నా పొలం లాక్కోబడింది" అనడు. ఫలానావాడు లాక్కున్నాడంటాడు. పేరు చెబుతాడు, తండ్రి పేరు కూడా చెబుతాడు.

హైదరాబాదు కౌలుదారీ చట్టం 1950లో వచ్చింది. తెలంగాణ సాయుధ పోరాటం అప్పటికి ఇంకా ముగియలేదు. ఆ రెంటి మధ్య సంబంధం ఏమిటన్నది రాజనీతిశాస్త్రం అడగవలసిన మొదటి ప్రశ్న. ఆంధ్రప్రదేశ్ భూపరిమితి చట్టం 1973లో వచ్చింది. ఆ చట్టం చేసిన శాసనసభలో భూములున్నవాళ్ళు ఎంతమంది, మిగులు భూమి బంధువుల పేర, పాలేళ్ళ పేర ఎట్లా మారింది, ఆ మార్పిడికి సంతకాలు చేసిన చేతులు ఎవరివి? ఇది రెండవ ప్రశ్న. "ప్రవేశపెట్టబడినవి" అన్న ఒక్క మాట ఈ రెండు ప్రశ్నలనూ మింగేస్తుంది. విద్యార్థికి మాత్రం నాలుగు కారణాలు, నాలుగు ఫలితాలు మిగులుతాయి. మార్కులు కూడా వాటికే.

ఇది అనువాద దోషమని సరిపెట్టుకునే మిత్రులున్నారు. ఇంగ్లీషు నుంచి తెచ్చుకున్నాం కాబట్టి ఇంగ్లీషు వాక్యం వెంట వచ్చిందంటారు. కొంత నిజమే. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడి పాఠ్యగ్రంథాలను తెలుగులోకి తేకపోతే, పల్లెటూళ్ళ నుంచి వచ్చిన ఎందరికో డిగ్రీ చదువే అందేది కాదు. ఆ మేలును కాదనేవాణ్ణి కాను. కానీ అకాడమీ మనకు మాటలిచ్చింది. ఆ మాటలతో ఏం చెప్పాలన్నది మనం తేల్చుకోవలసింది. అధికార పృథక్కరణకు తెలుగుమాట దొరికింది. పైరవీకి మాట వెదకనక్కరలేదు, అది జనం నోట్లోనే ఉంది. అయినా నేను చూసిన ఏ రాజనీతి పాఠ్యగ్రంథంలోనూ పైరవీకి ఒక పేరా లేదు. పింఛను కావాలన్నా, పట్టా మారాలన్నా, పిల్లవాడికి హాస్టల్లో సీటు రావాలన్నా ఒక ఊరు మొత్తం ఏ పద్ధతిలో ప్రభుత్వాన్ని చేరుకుంటుందో ఆ పద్ధతికి శాస్త్రంలో చోటు లేదు. మామూళ్ళకూ లేదు. అటువంటప్పుడు తప్పు అనువాదకుడిది మాత్రమే అని ఎట్లా అనగలం?

అసలు పేరులోనే ఉంది విషయం. రాజనీతి అంటే రాజుకు చెప్పే నీతి. బద్దెన నీతిశాస్త్ర ముక్తావళి రాశాడు, ఆయన తానే ఒక పాలకుడు. ఆముక్తమాల్యదలో యామునాచార్యుడు రాజ్యం కొడుక్కు అప్పగిస్తూ పాలన ఎట్లా చేయాలో చెబుతాడు. రాసిన కవి విజయనగర చక్రవర్తి. చెప్పేవాడూ పాలకుడే, వినేవాడూ పాలకుడే. మధ్యలో జనం పన్ను కట్టేవాళ్ళుగానో, తిరగబడతారేమోనన్న భయంగానో కనిపిస్తారు. దానికి ఆ కవులను నిందించి లాభం లేదు, వాళ్ళ కాలంలో వాళ్ళు రాయదలచుకున్నది అదే. ఇవాళ ప్రజాస్వామ్య రాజ్యాంగం కింద చదువుకునే కూలివాడి కొడుకు చేతికి అదే చూపును అందిస్తున్నామే, దాన్ని అనాలి.

కౌటిల్యుడి పట్ల మన పుస్తకాలు చేసిన పని చూస్తే ఇది ఇంకా తేటపడుతుంది. అర్థశాస్త్రం తాళపత్ర ప్రతి 1905లో మైసూరులో శామశాస్త్రి కంటబడింది, 1909లో అచ్చయింది. అందులోంచి పాఠ్యగ్రంథాలు తీసుకున్నది సప్తాంగ సిద్ధాంతం: స్వామి, అమాత్యుడు, జనపదం, దుర్గం, కోశం, దండం, మిత్రుడు. ఏడు అంగాలు, ఏడు పేరాలు. అదే గ్రంథంలో ప్రభుత్వోద్యోగులు ఖజానా సొమ్ము కాజేసే మార్గాలు నలభై ఉన్నాయని లెక్కపెట్టి చెప్పిన అధ్యాయం కూడా ఉంది. అంత కరుకైన పరిశీలన రెండువేల ఏళ్ళ కిందట చేసినవాణ్ణి మనం ఏడు అంగాల పట్టికగా కుదించాం. ఆ నలభై మార్గాలూ చదివితే పిల్లలు చెడిపోతారని కాబోలు!

ఇక ఉద్యోగాల విషయం. ఈ శాస్త్రానికి మన దేశంలో గిరాకీ ఉన్నది ప్రధానంగా పోటీ పరీక్షల వల్లనే అన్న సంగతి దాచి ప్రయోజనం లేదు. ఆ పరీక్షల పుట్టుక తెలుసుకోదగ్గది. మెకాలే అధ్యక్షతన ఏర్పడిన కమిటీ 1854లో నివేదిక ఇచ్చింది, 1855లో లండనులో మొదటి పరీక్ష జరిగింది. ఇండియాను పాలించడానికి పంపే యువకులను ఎంచే పరీక్ష అది. కమిటీ నిర్ణయించిన మార్కులు చూడండి: గ్రీకుకు 750, లాటిన్‌కు 750, సంస్కృతానికి 375, అరబ్బీకి 375. తెలుగు, తమిళం, బెంగాలీల ప్రసక్తే లేదు. పాలించబోయే జనం మాట్లాడే భాష ఎంపికకు అక్కరలేదు, ఎన్నికైన తర్వాత నేర్చుకుంటే చాలు. పాలితుల గురించిన జ్ఞానం కంటే పాలకుడి పెంపకం ముఖ్యమన్న సూత్రం ఆ పట్టికలో అంకెలుగా రాసి ఉంది. (ఇక్కడ నాకూ ఒక కర్మణి ప్రయోగం తోసుకువచ్చింది, కొట్టేశాను. అలవాటు అంత బలమైనది.) ఇండియాలో కూడా ఆ పరీక్ష పెట్టడం 1922లో మొదలయింది.

స్వతంత్రం వచ్చాక పరీక్ష మారలేదని అనను. 1979 నుంచి తెలుగులో రాయవచ్చు. పాఠ్యప్రణాళికలో గాంధీ, అంబేద్కర్, ఎం.ఎన్. రాయ్ ఉన్నారు, మార్క్స్ ఉన్నాడు, గ్రాంసీ సైతం ఉన్నాడు. రాజనీతిశాస్త్రం, అంతర్జాతీయ సంబంధాలు అన్న ఐచ్ఛిక విషయాన్ని వేలమంది తీసుకుంటున్నారు. 2022లోనూ 2024లోనూ సివిల్ సర్వీసుల్లో ప్రథమ స్థానం పొందిన ఇద్దరూ ఆ విషయం తీసుకున్నవారే. వారిలో ఒకరు డిగ్రీలో చదివింది ఆర్థికశాస్త్రం, మరొకరు చదివింది జీవరసాయన శాస్త్రం. వారి ప్రతిభను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ ఏళ్ళ తరబడి రాజనీతిశాస్త్రం చదివిన విద్యార్థికీ, దాన్ని పరీక్ష కోసం ఏడాదో రెండేళ్ళో చదివినవారికీ తేడా కనబడకపోతే, ఆ ఏళ్ళలో విశ్వవిద్యాలయం అతనికి ఏం నేర్పిందన్న ప్రశ్న వస్తుంది. నోట్సులో దొరికేదే తరగతిలోనూ చెప్పిందన్నమాట.

2023 సివిల్ సర్వీసుల ప్రాథమిక పరీక్షకు దరఖాస్తు పెట్టుకున్నవారు 10,16,850 మంది. చివరకు ఎంపికైనవారు 1,016 మంది. వెయ్యిమందికి ఒకరు. హైదరాబాదులో అశోక్‌నగర్, చిక్కడపల్లి వీధుల్లో తిరిగి చూస్తే మిగతావాళ్ళలో కొందరు కనిపిస్తారు. నగర కేంద్ర గ్రంథాలయం తెరవకముందే వచ్చి నిలబడేవాళ్ళు, గదికి నలుగురైదుగురు చొప్పున ఉండి ఒకరి పుస్తకం ఇంకొకరు చదివేవాళ్ళు, పండక్కి ఇంటికి పోతే ఎవరేమడుగుతారోనని పోనివాళ్ళు. తెలంగాణ గ్రూప్-1 ప్రాథమిక పరీక్షనే వీళ్ళు మూడుసార్లు రాశారు: 2022 అక్టోబరులో రాసింది ప్రశ్నపత్రాల లీకు బయటపడి రద్దయింది, 2023 జూన్‌లో రాసిందాన్ని హైకోర్టు కొట్టేసింది, 2024 జూన్‌లో మళ్ళీ రాశారు. పోనీ అధ్యాపక వృత్తికి పోదామంటే, 2024 జూన్ 18న జరిగిన యూజీసీ నెట్ పరీక్ష మరునాడే రద్దయింది. ఆ ఏడాదే జూలై 27న ఢిల్లీ ఓల్డ్ రాజేంద్రనగర్‌లో ఒక కోచింగ్ సంస్థ నేలమాళిగలోని గ్రంథాలయంలోకి వాననీరు ముంచుకొచ్చి ముగ్గురు అభ్యర్థులు చనిపోయారు. అభ్యర్థి! ఈ మాటకు అడుక్కునేవాడనే అర్థం కూడా ఉందని మనం మరచిపోయాం.

వీళ్ళకు ఉద్యోగ వ్యామోహమని ఎద్దేవా చేసే ప్రొఫెసర్లను చూశాను. నెల జీతం తీసుకుంటూ జీతం మీద వైరాగ్యం బోధించడం సులువు. రెండెకరాల చెలక అమ్మి కొడుకును పట్నం పంపిన తల్లి, వాడు రాజ్యస్వభావం గురించి మౌలికంగా ఆలోచించాలని పంపలేదు. వాడు ఉద్యోగం కోసమే చదవాలి, చదువుతాడు. ఆక్షేపించవలసింది వాడి అవసరాన్ని కాదు. ఆ అవసరాన్ని సాకుగా చూపి వాడి అనుభవాన్ని తరగతి బయటే విడిచి రమ్మంటున్న బోధనను.

ఒక సంఘటన చెబుతాను. పంచాయతీరాజ్ పాఠం. 73వ రాజ్యాంగ సవరణ, 1992. పదకొండవ షెడ్యూలులో 29 అంశాలు. మహిళలకు రిజర్వేషన్. పాఠం అయ్యాక వెనక బెంచీ కుర్రవాడొకడు లేచాడు.

"సార్, మా అమ్మ సర్పంచు. సంతకం ఆమెదే, పెట్టేది మాత్రం మా నాయిన. ఇరవై తొమ్మిదిల ఒక్కటి గూడ మా పంచాయతి చేతుల లేదు. బోరు మోటారు కాలిపోతే ఎంపీడీఓ సారు కాడికి తిరుగుతడు మా నాయిన. ఇది పరీక్షల రాయొచ్చునా?"

తరగతి నవ్వింది. నేనేమన్నానో చెప్పడానికి సిగ్గుపడుతున్నాను. "అది ఉదాహరణ కింద ఒక వాక్యం రాయి, ముందు అంశాలు రాయి" అన్నాను. ఆ ముప్పై ఏళ్ళ చట్టం మీద ఆ తరగతిలో ఉన్న ఏకైక పరిశోధకుడు వాడు. వాడికి తెలిసింది పుస్తకానికి తెలియదు. నేను వాణ్ణి పుస్తకం దగ్గరికి పంపించాను, పుస్తకాన్ని వాడి దగ్గరికి తీసుకుపోవలసింది. వాడు తెలివైనవాడు గనక ఆ తర్వాత అట్లాంటి ప్రశ్న వేయలేదు. మంచి మార్కులు తెచ్చుకున్నాడు.

ఈ పని మన సాహిత్యం పాఠ్యగ్రంథం కంటే ఎంతో ముందే చేసింది. ఉన్నవ లక్ష్మీనారాయణ మాలపల్లి 1922లో వెలువడి బ్రిటిష్ ప్రభుత్వ నిషేధానికి గురయింది. పోలీసు, కోర్టు, జైలు ఒక మాల కుటుంబం మీదికి ఏ వరసలో వస్తాయో అందులో ఉంది. రాచకొండ విశ్వనాథశాస్త్రి విశాఖపట్నంలో ప్లీడరు. ఆయన ఆరు సారా కథలు మద్యనిషేధ చట్టం గురించిన కథలని అందరికీ తెలుసు. రాజనీతి విద్యార్థి వాటిని ఒక్కసారి అధికార పృథక్కరణ అధ్యాయం పక్కన పెట్టుకుని చదవాలి. శాసనశాఖ చట్టం చేస్తుంది, కార్యనిర్వాహక శాఖ అమలు జరుపుతుంది, న్యాయశాఖ వ్యాఖ్యానిస్తుంది అంటుంది పుస్తకం. శాస్త్రి కథల్లో చట్టం చేసిన మరుక్షణం నుంచి దాని చుట్టూ ఒక వ్యాపారం పుడుతుంది. సారా కాచేవాడు, పట్టుకునే పోలీసు, వదిలిపెట్టే పోలీసు, వాదించే ప్లీడరు, చివరకు శిక్షపడే దిక్కులేని మనిషి, అందరూ ఒకే గొలుసులో లింకులు. మూడు శాఖలూ వేరువేరుగా ఉన్నది పుస్తకంలోనే. నేరస్థుల బోనులో నిలబడ్డవాడికి అవన్నీ ఒక్కటే. మరి శాస్త్రి వాక్యానికి కర్త ఉంటాడు. ఎవరు ఎవర్ని ఏం చేశారో, ఎంత పుచ్చుకున్నారో తెలుస్తుంది. ఇది కథకుడి గొప్పతనమని సరిపెట్టుకుంటే చాలదు. శాస్త్రజ్ఞుడు చేయవలసిన పనిని కథకుడు చేయవలసి వచ్చింది.

ఇంతదాకా చదివి మనవాళ్ళు సంతోషిస్తూ ఉంటారు, బూర్జువా పాఠ్యగ్రంథం బండారం బయటపడిందని. ఆగాలి. మనం రాసిందేమైనా మెరుగా? ఉదారవాద నిర్వచనం స్థానంలో "రాజ్యం వర్గ పీడన సాధనం" అన్న నిర్వచనం పెట్టి, దాన్ని కూడా పదిహేను మార్కుల జవాబుగా కంఠస్థం చేయించినవాళ్ళం మనమే. ఏ వర్గం, ఏ ఊళ్ళో, ఏ కార్యాలయం ద్వారా, ఏ కులం పేరుతో పీడిస్తున్నదో చెప్పకుండా ఆ వాక్యాన్ని ఎన్నిసార్లు రాసినా అందులోనూ కర్త ఉండడు. "పాలకవర్గాలు" అన్న మాటను మనం ఎంత ధారాళంగా వాడతామంటే, అది ఎదురింటి దొరకు తగలదు. "బడినవి" వెనుక వాళ్ళు దాక్కుంటే, "పాలకవర్గాలు" వెనుక మన సోమరితనం దాక్కుంది.

గ్రాంసీకి పట్టిన గతి చూడండి. 1926లో ముస్సోలినీ ప్రభుత్వం ఆయన్ను అరెస్టు చేసింది. జైల్లోనే, ఆరోగ్యం చెడుతూ ఉండగా, 1929 నుంచి నోటుపుస్తకాలు రాశాడు. జనం తమను అణచేవాళ్ళ పాలనకు తామే ఎట్లా సమ్మతిస్తారు, ఆ సమ్మతిని బడి, గుడి, పత్రిక ఎట్లా తయారుచేస్తాయి అన్నది ఆయన వేసుకున్న ప్రశ్న. ఇవాళ ఆయన భావన సివిల్ సర్వీసుల నోట్సులో ఆరు పాయింట్లు. బడి సమ్మతిని ఎట్లా తయారుచేస్తుందో బడిలోనే వల్లెవేయించి, సమ్మతితోనే మార్కులు వేస్తున్నాం. ఈ హాస్యం చూసి గ్రాంసీ నవ్వేవాడో లేదో గాని, మన వామపక్ష అధ్యాపకులకు నవ్వు రాకపోవడమే నాకు ఆశ్చర్యం.

ఇంకొక హాస్యం. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో విద్యార్థిసంఘాల ఎన్నికలు 1980 దశకం చివర ఆగిపోయాయి. ఎన్నికల వ్యవస్థ మీద ఇరవై మార్కుల ప్రశ్నకు జవాబు రాసే విద్యార్థి తన విశ్వవిద్యాలయంలో ఓటు వేసి ఎరగడు.

చదువు, ఉద్యోగం, రాజ్యం, ఈ మూడింటి సంబంధం తెలియాలంటే నా దృష్టిలో అంబేద్కర్ బరోడా అనుభవాన్ని మించిన పాఠం లేదు. ఆయన బరోడా సంస్థానం విద్యార్థివేతనంతో 1913లో కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. తిరిగివచ్చాక పదేళ్ళు సంస్థానం కొలువు చేస్తానని ఒప్పందం రాసిచ్చారు. ఆ మాట ప్రకారం 1917లో బరోడా చేరారు. అంత చదివినవాడికి ఊళ్ళో అద్దెకు గది దొరకలేదు. పార్శీ సత్రంలో పార్శీ పేరుతో తలదాచుకున్నారు. ప్రభుత్వ బంగళా కోసం పెట్టుకున్న దరఖాస్తు ఒక అధికారి నుంచి ఇంకొక అధికారికి నడుస్తూనే ఉంది. అది గమ్యం చేరకముందే కర్రలు పట్టుకుని పార్శీలు డజనుమంది వచ్చి సత్రం ఖాళీ చేయమన్నారు. ఇద్దరు స్నేహితుల ఇళ్ళకు పోతే ఇద్దరూ ఏదో కారణం చెప్పారు. తోటలో కూర్చుని, రాత్రి రైలెక్కి బొంబాయి వెళ్ళిపోయారు.

ఇందులో రాజ్యం ఉంది: చదివించింది, ఉద్యోగమిచ్చింది, గది ఇవ్వలేదు. ఉద్యోగస్వామ్యం ఉంది, నడుస్తున్న ఆ దరఖాస్తే అది. చట్టం బలం కంటే ఆచారం బలం ఎక్కువైన సమాజం ఉంది. సార్వభౌమాధికారం ఎక్కడ ఉంటుందన్న ప్రశ్నకు, ఆ సాయంత్రం అది కర్రల చేతుల్లో ఉందన్న జవాబు ఉంది. ఇదంతా ఆయన వీసా కోసం నిరీక్షణ అన్న చిన్న రచనలో, అలంకారం లేని మాటల్లో, ఎవరు వచ్చారో, ఏమన్నారో చెబుతూ రాసుకున్నారు. మన ప్రణాళికలో అంబేద్కర్ భారత రాజకీయ తాత్త్వికుల జాబితాలో ఉన్నారు: జననం, విద్య, భావాలు, మూల్యాంకనం. ఈ రచన మాత్రం నేను చూసిన రాజనీతిశాస్త్ర సిలబస్ దేంట్లోనూ లేదు.

ఈ కాగితాలు చదివే అధ్యాపక మిత్రులు అడుగుతారు: సిలబస్ మన చేతిలో లేదు, ప్రశ్నపత్రం మన చేతిలో లేదు, మనమేం చేయగలం? నిజమే. చాలామంది కళాశాలల్లో కాంట్రాక్టు మీద, గంటల లెక్కన పనిచేస్తున్నారు, వచ్చే ఏడు ఉంటారో ఉండరో తెలియదు. అయినా ఇంటర్నల్ పరీక్షకు ఇచ్చే పని, ప్రాజెక్టు పేరుతో రాయించే పది పేజీలు మన చేతుల్లో ఉన్నాయి. అవి ఇప్పుడు ఒకరి దాంట్లోంచి ఒకరు ఎత్తి రాస్తున్నారు. వాటి స్థానంలో, ఊళ్ళో ఒక పొలానికి ఒక పట్టా మారిన కథ రాయమనవచ్చు. దరఖాస్తు ఏ తేదీన పెట్టారు, ఏ బల్ల మీద ఎన్నాళ్ళుంది, ఎవరు కదిలించారు, 1984లో కరణాలను తీసేసిన తర్వాత ఆ పని ఎవరి చేతికి వచ్చింది, ఆ చేతికి ముందూ వెనకా ఎవరున్నారు. ఒకటే షరతు. ఏ వాక్యంలోనూ "బడు" ఉండకూడదు.

పోయిన ఏడు నేను ఇరవైమంది చేత రాయించాను. పదముగ్గురు ఎప్పటిలాగే రాశారు. నలుగురి ఇళ్ళల్లో పెద్దలు, పేర్లు రాస్తే గొడవలొస్తాయని వారించారు. ఆ భయం గురించే రాయమన్నాను, ఇద్దరు రాశారు. మిగిలిన ముగ్గురిలో ఒక అమ్మాయి తన నాయనమ్మ వితంతు పింఛను గురించి పద్నాలుగు పేజీలు రాసింది. మండల కార్యాలయం గుమాస్తా ఏ వారం ఏమన్నాడో వరసగా ఉంది అందులో. ఆ అమ్మాయి ఇప్పుడు గ్రూప్-2కు చదువుతున్నది. ఆ పద్నాలుగు పేజీలూ తిరిగి ఇమ్మని మొన్న వచ్చి అడిగింది. నాయనమ్మ పింఛను మళ్ళీ ఆగిందట, కలెక్టరుకు అర్జీ రాయడానికి తేదీలు కావాలట.